‘నిజమేనా?’... ఒక్కసారి మనసును అడగండి!

‘ఈసారీ ఉద్యోగం రాకపోతే నా బతుకింతే...’

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్ల గదుల్లో తరచూ వినిపించే మాట ఇది. ఇద్దరుండాల్సిన గదిలో నలుగురు. గోడకు భారతదేశ పటం, మూలన కోఠిలో బేరమాడి తెచ్చుకున్న పాత పుస్తకాల దొంతర. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్‌ లైబ్రరీకి పరుగు... ఆలస్యమైతే కుర్చీ దొరకదు. రాత్రి ఇంటి నుంచి ఫోన్‌. ‘ఏమైంది బిడ్డా, పరీక్ష ఎప్పుడంట?’ అని అమ్మ మామూలుగానే అడుగుతుంది. ఆ తర్వాత వీళ్లకు నిద్ర పట్టదు.

అమ్మ ప్రశ్నకు జవాబు చెప్పడం నిజంగానే కష్టమైన సంవత్సరాలున్నాయి మరి! 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్‌-1 నోటిఫికేషన్‌ వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్‌ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్‌... అంటే ఒకే కొలువు కోసం మూడుసార్లు ప్రిలిమ్స్‌!

ఇంత జరిగాక ‘టెన్షన్‌ పడొద్దు, పాజిటివ్‌గా ఉండు’ అనడం పుండు మీద కారం చల్లడమే. పరీక్ష రద్దయితే కోపం రావాలి, బాధ కలగాలి. చిక్కు అక్కడ లేదు. ‘పరీక్ష రద్దయింది’ అన్నది జరిగిన సంగతి. ‘నా జాతకమే ఇంత, నేను దేనికీ పనికిరాను’ అన్నది మనసు దానికి కలిపిన మాట. రెండూ ఒకే గొంతుతో వినిపిస్తాయి కాబట్టి రెండూ నిజాలే అనుకుంటాం.

ఈ రెండింటినీ విడదీయడమే వైద్యమని చెప్పినవాడు అమెరికన్‌ మానసిక వైద్యుడు ఆరన్‌ బెక్‌. కుంగుబాటుకు మూలం లోపలికి తిరిగిన కోపమేనన్న ఫ్రాయిడ్‌ వాదాన్ని పరిశోధనతో నిరూపిద్దామని బయల్దేరితే ఆయనకు కనిపించింది వేరు. తన గురించి, లోకం గురించి, రేపటి గురించి చేదు ఆలోచనలు రోగుల మనసులో వాటంతటవే తోసుకొస్తున్నాయి. వాళ్లేమో ఒక్కదాన్నీ ప్రశ్నించకుండా నమ్ముతున్నారు! 1960ల్లో ఆయన మొదలుపెట్టిన పద్ధతే కాగ్నిటివ్‌ బిహేవియర్‌ థెరపీగా... సీబీటీగా పెరిగింది. నూరేళ్లు బతికి 2021లో కన్నుమూశారాయన.

ఇంతకీ ఎలా ప్రశ్నించాలి? ఓ నోటుపుస్తకం తీసుకోండి. మనసులో తిప్పుకొంటే కుదరదు, రాయాల్సిందే. ‘ఊళ్లో అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు’ అన్న ఆలోచన తొలుస్తోందనుకుందాం. దాన్ని అలాగే రాయండి. ఎంత నమ్ముతున్నారో నూటికి ఓ అంకె వేయండి. తొంభై అనుకోండి. ఇక సాక్ష్యాలు. ఎవరు నవ్వారు? పెళ్లిలో ఓ చుట్టం ‘ఇంకా చదువుతూనే ఉన్నావా?’ అన్నాడు. ఇంకెవరు? గుర్తురావడం లేదు. వాళ్ల మనసులో ఏముందో మీకెలా తెలిసింది? ఎవరూ చెప్పలేదు. ఇదే మాట మీ రూమ్మేట్‌ అంటే ఏం చెబుతారు? ‘పోరా, ఎవరి గోల వాళ్లది’ అంటారు. మరి ఆ మాట మీకెందుకు వర్తించదు?

ఇప్పుడు ఆలోచనను తిరగరాయండి. ‘అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు’ అని కాదు, అది ఇంకో అబద్ధం! ‘ఒకాయన అడిగాడు, నాకు బాధేసింది. మిగతావాళ్ల సంగతి నాకు తెలీదు’... అంతే. తొంభై కాస్తా యాభైకి దిగినా ఆ రాత్రికి నిద్ర పడుతుంది. ఆ నవ్వుల భయంతోనే రెండేళ్లుగా పండగలకు ఊరెళ్లడం మానేసి ఉంటే, వచ్చే దసరాకు రెండు రోజులు వెళ్లి చూడాలి. ఎంతమంది నవ్వారో లెక్క తేలిపోతుంది.

అన్నిసార్లూ జవాబు ‘అబద్ధం’ అనే రాదు. ‘నాకు ఉద్యోగం రాకపోవచ్చు’ అన్నది పచ్చి నిజం. 2024 జూన్‌లో ఆ 563 పోస్టుల కోసం ప్రిలిమ్స్‌ రాసినవాళ్లు మూడు లక్షలకు పైనే. చాలామందికి రాదు, అది లెక్క. కానీ ‘రాకపోవచ్చు’ నుంచి ‘రాకపోతే బతుకే లేదు’కు దూకామే, ఆ దూకుడుకు సాక్ష్యం ఏదీ? మొదటి మాట నిజమని ఒప్పుకొన్నవాళ్లే ‘ఇంకెన్ని ప్రయత్నాలు చేద్దాం, ఈలోపు ఏ పని చూసుకుందాం’ అని నిదానంగా ఆలోచించగలరు. కోచింగ్‌ సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ఫొటోలే ఉంటాయి. పరీక్షలు వదిలేసి వేరే దారి పట్టి హాయిగా బతుకుతున్నవాళ్ల ఫొటోలు ఎవరు వేస్తారు!

అమ్మానాన్నలూ... ఫోన్‌ చేసినప్పుడు పరీక్ష సంగతి రెండో మాటగా అడగండి. మొదటి మాట ‘తిన్నావా, నిద్ర పడుతోందా’ అని ఉండనివ్వండి. ‘అవన్నీ పిచ్చి ఆలోచనలు, మానేయ్‌’ అని మాత్రం అనొద్దు. ఆలోచనను ప్రశ్నించాల్సింది అది వచ్చినవాళ్లే. పక్కవాళ్లు ప్రశ్నిస్తే వాదనవుతుంది.

ఈ నోటుపుస్తకం అన్నిటికీ మందు కాదు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, తిండీ నిద్రా తప్పినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా అది డాక్టరు చూడాల్సిన డిప్రెషన్‌ కావొచ్చు. కొందరికి మందులు కావాలి, కొందరికి సీబీటీ, కొందరికి రెండూ. ఎర్రగడ్డ మానసిక వైద్యాలయం ప్రభుత్వానిదే. ఆ పేరు వినగానే వెటకారంగా నవ్వడం మన సినిమాలు నేర్పిన జబ్బు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం దానితో ఒంటరిగా కూర్చుని ప్రశ్నలూ జవాబులూ వద్దు. వెంటనే పక్కనున్నవాళ్లకు చెప్పాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌ చేసే ఓపిక కూడా లేకపోతే రూమ్మేటే నంబరు నొక్కి చేతికివ్వొచ్చు... మాట్లాడినంతసేపూ పక్కనే కూర్చోవచ్చు.