కాలు మడత పడిందా... నాలుగడుగులు వేయండి చూద్దాం!

ఆదివారం సాయంత్రం. వీధి చివర ఖాళీ స్థలంలో క్రికెట్ జోరుగా సాగుతోంది. బౌండరీకి వెళ్లే బంతిని ఆపబోయిన డిగ్రీ కుర్రాడు గతుకులో కాలేశాడు. పాదం లోపలికి మడతపడింది. 'అమ్మా' అంటూ కూలబడ్డాడు. ఇద్దరు ఫ్రెండ్సు చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెచ్చేసరికి చీలమండ పక్కన కోడిగుడ్డంత వాపు!

ఇక మొదలవుతుంది వైద్యం. 'నరం తప్పిందిరా నాన్నా, కాస్త నూనె రాసి లాగితే సర్దుకుంటుంది' అంటుంది నానమ్మ. 'వద్దత్తయ్యా, పసుపూ సున్నం పట్టు వేద్దాం' అంటుంది అమ్మ. పక్కింటాయన వేణ్నీళ్ల కాపడం అంటే, మేడమీదాయన ఐసుముక్కలు అంటాడు. ఇవన్నీ విని విసిగిపోయిన నాన్న బండి తాళాలు తీసి 'ఎందుకొచ్చిన గొడవ... ఎక్స్‌రే తీయించేద్దాం పదండి' అంటాడు.

విచిత్రం ఏమిటంటే, మంచి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన వీటిలో ఏదీ వెంటనే చేయడు. ముందు రెండు ప్రశ్నలు అడుగుతాడు. 'పడ్డాక నీ అంతట నువ్వు లేచి నడిచావా? ఇప్పుడు నాలుగడుగులు వేయగలవా?' కుంటుతూ వేసినా ఫర్వాలేదు, నడకే. ఆ తరవాత బొటనవేలితో చీలమండ చుట్టూ కొన్నిచోట్ల నొక్కి చూస్తాడు. అంతే. ఎక్స్‌రే కావాలో వద్దో చాలామటుకు అక్కడే తేలిపోతుంది.

ఒట్టావా చెప్పిన లెక్క

ఈ నాలుగడుగుల వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు కాలు మడతపడి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ ఎక్స్‌రే తీసేవారు. తీరా చూస్తే నూటికి పదిహేనుమందికి కూడా ఎముక విరిగి ఉండేది కాదు. మిగతావాళ్లంతా గంటలకొద్దీ కూర్చుని, డబ్బు కట్టి, 'ఏమీ లేదు' అనిపించుకుని ఇంటికెళ్లేవారు. కెనడా రాజధాని ఒట్టావాలో అత్యవసర విభాగం వైద్యుడు ఇయాన్ స్టీల్, ఆయన బృందం దీనిమీద పనిచేసి 1992లో కొన్ని సూత్రాలు ప్రకటించారు. 'ఒట్టావా యాంకిల్ రూల్స్' అని వాటికి పేరు.

సూత్రం చాలా తేలిక. చీలమండకి రెండు వైపులా రెండు బొడిపెలు ఉంటాయి కదా. ఆ బొడిపెల చివరన, లేదా వాటి వెనక అంచు వెంబడి ఆరు సెంటీమీటర్ల ఎత్తు దాకా ఎముకమీద నొక్కితే నొప్పి ఉందా? ఉంటే ఎక్స్‌రే తీయాలి. పాదంలో నొప్పి ఉంటే ఇంకో రెండు చోట్లు చూస్తారు. చిటికెనవేలి వైపు పాదం మధ్యలో పొడుచుకొచ్చినట్టు ఉండే ఎముక మొదలు ఒకటి, లోపలివైపు పాదం వంపు దగ్గరి ఎముక రెండోది. ఇవేవీ నొప్పి లేకపోయినా, దెబ్బ తగిలినప్పుడూ డాక్టరు ముందూ కూడా నాలుగడుగులు వేయలేకపోతే అప్పుడూ ఎక్స్‌రే తీయాల్సిందే. ఇవేవీ లేకపోతే మాత్రం అక్కర్లేదు.

ఇంత తేలికైన పరీక్షని నమ్మొచ్చా అని అనుమానం రావడం సహజం. ఎన్నో దేశాల్లో చేసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క తేల్చారు. ఈ సూత్రాల ప్రకారం 'ఎక్స్‌రే అక్కర్లేదు' అన్నవాళ్లలో విరిగిన ఎముక తప్పిపోయింది నూటికి ఇద్దరికన్నా తక్కువమందికే. అనవసరపు ఎక్స్‌రేలేమో 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి.

అయితే వాపు ఎంత ఉందన్నది ఈ లెక్కలో లేనే లేదు. ఇళ్లలో మనం మొదట భయపడేది వాపు చూసే! లిగమెంటు తెగితే, ఎముక విరిగినదానికన్నా ఎక్కువగా వాచిపోవచ్చు. రెండోరోజుకి పాదమంతా నల్లగా కమిలిపోనూ వచ్చు. దానర్థం విరిగిందని కాదు.

ఈ సూత్రాలు పనికిరాని చోట్లూ ఉన్నాయి. ముఖ్యంగా చక్కెరవ్యాధి ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు. విరిగిన ఎముకమీద కూడా వాళ్లు హాయిగా నడిచేస్తారు, నొప్పి తెలియదు కాబట్టి. చక్కెరవ్యాధి లేని ఇల్లు అరుదైపోయిన మన ఊళ్లలో ఇది మరీ గుర్తుంచుకోవాల్సిన విషయం. అలాగే చిన్నపిల్లలు. ఎదిగే వయసులో ఎముక చివర మెత్తని పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. పెద్దవాళ్లలో లిగమెంటు సాగే దెబ్బకి పిల్లల్లో ఆ పొర దెబ్బతినొచ్చు. అందుకే వాళ్ల విషయంలో డాక్టర్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉంటారు.

ఐసా? కాపడమా?

మరి విరగలేదని తేలాక? ఇక్కడ డాక్టర్లే మాట మార్చారు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తున పెట్టుకోవడం... ఈ నాలుగింటినీ ఇంగ్లిషు మొదటి అక్షరాలతో కలిపి 'రైస్' అని పేరు పెట్టింది అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, 1978లో. ప్రపంచంలో ఏ ఆటస్థలంలో చూసినా అదే మంత్రం. చివరికి ఆయనే 2014లో 'ఐసూ, పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చు' అని తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు! వాపు అనేది శరీరం మొదలుపెట్టే మరమ్మతు పని. దాన్ని మొత్తానికి ఆపేస్తే మరమ్మతూ ఆగుతుందన్నది వాదన. 2019లో కెనడా ఫిజియోథెరపిస్టులు 'పీస్ అండ్ లవ్' అంటూ కొత్త సూత్రం చెప్పారు. అందులో ఐసు ఊసే లేదు. మొదటి రెండుమూడు రోజులు కాపాడుకోండి, కట్టు కట్టండి, కాలు ఎత్తులో పెట్టండి, ఆ తరవాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర బరువు మోపి కదపండి... ఇదీ దాని సారం. నొప్పి తగ్గడానికి కాసేపు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకుంటే తప్పేం కాదు. గాయాన్ని అది మాన్పుతుందనుకోవడమే పొరపాటు.

మొదటి రోజుల్లో కాపడం, నూనె మర్దన మాత్రం వద్దంటారు అందరూ. తెగిన చోట రక్తం ఇంకా ఊరుతుంటుంది. అక్కడ పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది. నానమ్మ మనసు కష్టపెట్టుకున్నా సరే, వారంపాటు సీసా మూత తీయకపోవడమే మంచిది.

కట్టు గురించి ఒక మాట. తెలుగునాట విరిగిన ఎముకలకి పుత్తూరు కట్టుకున్న పేరు ఎవరికి తెలీదు! ఆ ఊరి దాకా వెళ్లలేనివాళ్లు దగ్గర్లో కట్టేవాళ్లని వెతుక్కుంటారు. నాటుకట్టయినా, ఆసుపత్రిలో వేసిన పిండికట్టయినా... బిగుతైతే ప్రమాదం ఒక్కటే. లోపల వాపు పెరుగుతుంది, బయట కట్టు సాగదు. మధ్యలో నలిగేది రక్తనాళాలూ కండరాలూ. వేళ్లు చల్లబడుతున్నా, నీలంగా మారుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, పక్కవాళ్లు వేలు కదిపితే కేకపెట్టేంత నొప్పి పుడుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు. గంటల్లో కాలే పోవచ్చు. కట్టు వదులుచేసి ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

'టప్'మంటే మాత్రం...

చీలమండ సంగతి ఇలా ఉంటే మోకాలి కథ వేరు. కబడ్డీ కోర్టులో పదహారేళ్ల అమ్మాయి. కూతకొచ్చి, పట్టునుంచి తప్పించుకోబోతూ గిరుక్కున తిరిగింది. ఎవరూ తాకను కూడా తాకలేదు. మోకాల్లో 'టప్'మన్న శబ్దం. రెండుగంటల్లో మోకాలు బూరెలా పొంగింది. ఆరెంపీ సూదిమందు ఇచ్చాడు. పదిహేను రోజులకి వాపు తీసింది. నడుస్తోంది, మెట్లెక్కుతోంది. 'తగ్గిపోయింది కదమ్మా' అని ఇంట్లోవాళ్లూ, జిల్లా పోటీలు దగ్గరపడ్డాయని పీఈటీ సారూ మళ్లీ కోర్టులోకి పంపారు. మొదటి మలుపులోనే మోకాలు జారిపోయింది.

ఇలాంటి కథలు ఏ ఆటస్థలంలో అడిగినా దొరుకుతాయి. మోకాలి లోపల ముందువైపు అడ్డంగా ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగితే జరిగేది ఇదే. తిన్నగా నడవడానికి దాంతో అంతగా పనిలేదు. ఆగి, తిరిగి, ఎగరడానికే అది కావాలి. అందుకే నడక బాగున్నంత మాత్రాన మోకాలు బాగున్నట్టు కాదు. తెగిన లిగమెంటుతో ఆడుతూపోతే, మోకాలు జారిన ప్రతిసారీ లోపలి మెత్తల్లాంటి మెనిస్కస్‌లు చిరుగుతాయి. పాతికేళ్లకే అరిగిన మోకాళ్లు వస్తాయి.

దీన్ని పట్టుకోవడానికి అసలైన ఆయుధం స్కానింగ్ కాదు, మాటలే. శబ్దం వినపడిందా? ఆట కొనసాగించగలిగావా? వాపు ఎంతసేపట్లో వచ్చింది? గంటా రెండుగంటల్లో పొంగితే లోపల రక్తం చేరినట్టు. అలాంటప్పుడు ఏసీఎల్‌నే ముందు అనుమానించాలి. మర్నాటికి మెల్లగా వాస్తే మెనిస్కస్ కావొచ్చు. ఆ తరవాత మోకాలిని కొద్దిగా, పాతిక ముప్ఫై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని రెండో చేత్తో కాలి ఎముకని ముందుకి లాగి చూస్తారు. గట్టిగా ఆగితే లిగమెంటు ఉన్నట్టు, మెత్తగా జారితే తెగినట్టు. ఫిలడెల్ఫియాకి చెందిన జాన్ లాక్‌మన్ పేరుమీద దీన్ని 'లాక్‌మన్ పరీక్ష' అంటారు. మొదటిరోజు వాపుకి, నొప్పికి కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి సరిగా తేలదు. వారం పదిరోజులకి మళ్లీ రమ్మంటారు. ఆ రెండో రాకే చాలామంది ఎగ్గొట్టేది!

తెగిందనగానే ఆటా పోయినట్టేనా? 1994లో డబుల్స్ ఆడుతూండగా పుల్లెల గోపీచంద్‌కి తెగింది ఈ లిగమెంటే. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు. ఆపరేషన్లు, నెలల తరబడి వ్యాయామాలు దాటుకుని 1996లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి, ప్రకాశ్ పదుకొనే తరవాత ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన రెండో భారతీయుడు అయ్యాడు.

ఆపరేషన్ అందరికీ తప్పనిసరి కూడా కాదు. స్వీడన్‌లో 121 మంది ఆటలాడే యువతీయువకుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్ చేశారు. రెండో జట్టుకి ముందు వ్యాయామాలు చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. 2010లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఐదేళ్ల దాకా గమనిస్తే, రెండో జట్టులో దాదాపు సగంమందికి ఆపరేషన్ లేకుండానే గడిచిపోయింది. చేయించుకున్నవాళ్లు మాత్రం తొమ్మిది నెలల లోపు కోర్టులో దిగితే మళ్లీ గాయపడే అవకాశం చాలా ఎక్కువ. జిల్లా పోటీలు వచ్చే ఏడూ ఉంటాయి.

నలభై దాటిన షటిల్ వీరులు

కాలనీ పార్కుల్లో తెల్లవారుజామున షటిల్ ఆడే నాన్నలకీ ఒక ప్రత్యేకమైన దెబ్బ ఉంది. ముందుకి ఉరకబోతూ ఠక్కున ఆగి వెనక్కి తిరిగి చూస్తారు... 'ఎవరండీ కాలిమీద కర్రతో కొట్టిందీ?' అని. వెనక ఎవరూ ఉండరు. మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగిందన్నమాట. నొప్పి అంతగా ఉండదు. వేళ్లు కదులుతాయి, కుంటుతూ నడవనూ వస్తుంది. అందుకే 'బెణికిందిలే' అని వదిలేస్తారు. బోర్లా పడుకోబెట్టి, పాదం మంచం అంచు బయటికి వేలాడదీసి పిక్కని పిండితే సంగతి తెలిసిపోతుంది. స్నాయువు బాగుంటే పాదం కిందికి వంగుతుంది. తెగితే కదలదు. రెండు వారాల్లో కనిపెడితే వైద్యం తేలిక. నెలలు దాటితే కష్టం.

ఇంకా వయసు పైబడ్డవాళ్లది మరో తంటా. మోకాలు నొప్పనగానే 'ఎమ్మారై తీయండి' అని డాక్టరునే అడుగుతారు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో యాభై దాటిన 710 మందికి తీసి చూసి, 2012లో ఆ ఫలితాలు చెప్పారు. ఎక్స్‌రేలో వీళ్లెవరికీ అరుగుదల లేదు. కానీ ఎమ్మారైలో నూటికి 89 మందికి ఏదో ఒక లోపం కనిపించింది. నొప్పి అసలే లేనివాళ్లలోనూ దాదాపు అంతే! జుట్టు నెరిసినట్టే మోకాలూ లోపల నెరుస్తుంది. రిపోర్టు చూసి బెంబేలెత్తి కత్తి దాకా వెళ్లేవాళ్లు ఎందరో.

మోకాలు నొప్పే... కానీ మోకాలిది కాదు!

డాక్టర్లకి గురువులు పదేపదే చెప్పే పాఠం ఒకటుంది. పది నుంచి పదహారేళ్ల మధ్య పిల్లలు, అందులోనూ కాస్త బొద్దుగా ఉన్నవాళ్లు, మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే ముందు తుంటి చూడాలి. తొడఎముక బంతి తన చోటునుంచి మెల్లగా జారుతుంటే ఆ నొప్పి మోకాల్లో తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే అంతా బాగానే ఉంటుంది. 'బడికి వెళ్లకుండా వేషాలు' అని కసురుకుంటే, ఆ జారుడు పూర్తయి పిల్లాడు జన్మంతా కుంటాల్సి వస్తుంది. ఎముక జారడం పూర్తికాకముందే ఒక స్క్రూతో దాన్ని నిలబెట్టొచ్చు.

అలాగే దెబ్బేమీ తగలకుండా పాదంలో ఒకేచోట రోజురోజుకీ పెరిగే నొప్పి. పోలీసు ఉద్యోగాలకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లలో ఇది మామూలే. ఎముకలో సన్నని బీట. ఎక్స్‌రేలో మొదటి వారాల్లో కనిపించకపోవచ్చు. 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పీవీ సింధు, ఆ వెంటనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వెళ్లలేకపోయింది ఈ బీట వల్లే. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తితే బీట కాస్తా విరుగుడవుతుంది.

* * *

మళ్లీ మన క్రికెట్ కుర్రాడి దగ్గరికొద్దాం. నాలుగడుగులు వేశాడు. ఎముకమీద నొప్పి లేదు. ఎక్స్‌రే తప్పింది. ఐదోరోజు రమ్మన్నారు, వాపు తగ్గాక లిగమెంటు ఎంత తెగిందో చేతికి బాగా తెలుస్తుందని. వెళ్లాడు. కొంచెం తెగింది, కట్టుతో నడవొచ్చన్నారు. ఆ తరవాత చెప్పిన మందు విని వాళ్లమ్మ నవ్వింది. నొప్పి తగ్గాక రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒంటికాలి మీద నిలబడాలట! ఒకసారి మడతపడిన చీలమండకి తనెక్కడుందో తెలిసే గుణం తగ్గుతుంది. అందుకే మళ్లీమళ్లీ అదే మడతపడుతుంది. ఒంటికాలి మీద నిలబడితే అది తిరిగొస్తుంది. ముందు కళ్లు తెరిచి అర నిమిషం, అలవాటయ్యాక కళ్లు మూసుకుని.

ఇప్పుడు పొద్దున్నే ఆ ఇంట్లో పంపు దగ్గర, నోట్లో బ్రష్షుతో కొంగలా నిలబడ్డ కుర్రాడూ, గోడగడియారం చూస్తూ లెక్కపెట్టే నానమ్మా కనిపిస్తారు. 'ఇరవై ఆరు... ఇరవై ఏడు... గోడ పట్టుకోకురా!'