సేంద్రియ పత్తి సాగు: తొలి మేలు రైతు కుటుంబానికే

సాలూరు: పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు పరిసరాలలో గిరిజనులతో సహా ఎందరో చిన్న, సన్నకారు రైతులు వర్షాధారంగా పత్తి పండిస్తున్నారు. సేంద్రియ పత్తి అనగానే మేలైన వస్త్రం, అధిక ధర స్ఫురిస్తాయి. వాస్తవానికి దాని తొలి ప్రయోజనం పొందేది మందు కలిపే రైతు, పత్తి తీసే మహిళ.

1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్ని మందులు చల్లినా పురుగు లొంగక, అప్పులపాలైన అనేకమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాత నాటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం మరో దారి ఎంచుకున్నది. స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో, మహిళా సంఘాల చొరవతో 2004 నాటికి గ్రామమంతా పురుగుమందులను విడిచిపెట్టింది. మందుల దుకాణంలో అప్పు చేయవలసిన అవసరం తొలగడమే అక్కడి కుటుంబాలకు దక్కిన పెద్ద లాభం.

పద్ధతి కష్టమైనది కాదు. 5 కిలోల వేపగింజల పొడిని మూటగట్టి రాత్రంతా నీటిలో నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల ద్రావణంగా చేసి చల్లాలి. వేప పురుగును వెంటనే చంపదు. ఆకు తిననీయదు, ఎదగనీయదు. కనుక గుడ్లు, పిల్ల పురుగులు కనబడిన దశలోనే చల్లాలి. ముదిరిన పురుగుపై చల్లి ఫలితం లేదనడం సరికాదు. పొలం గట్లపై ఆముదం, బంతి ఎరపంటలుగా, సాళ్ల మధ్య కంది, అలసంద వేసుకుంటే ఇంటికి పప్పు కూడా దక్కుతుంది. విషపు మందులు వాడని పొలం నుండి వాననీరు పల్లానికి దిగి వేగావతిలో చేరినా చేపలకు, పశువులకు హాని ఉండదు.

అయితే పురుగుమందులు మానినంత మాత్రాన పంట సేంద్రియమైపోదు. రసాయన ఎరువులు, 2002లో దేశంలో అనుమతి పొందిన బీటీ విత్తనాలు సైతం విడనాడాలి. ధ్రువీకరణకు ముందు సుమారు రెండేళ్ల పరివర్తన కాలం ఉంటుంది. ఆ కాలంలో దిగుబడి తగ్గవచ్చు, అదనపు ధర రాకపోవచ్చు. అందువల్ల ఉన్న భూమి అంతటా ఒకేసారి మొదలుపెట్టక, తొలుత కొద్ది విస్తీర్ణంలో ప్రయత్నించడం వివేకం. బీటీయేతర విత్తనం దొరకడమే నేటి అసలు చిక్కు. కొండపత్తితో సన్నని ఖాదీ నేసిన పొందూరు ఉన్న ఉత్తరాంధ్రలో ఈ కొరత విచారకరం.

పీజీఎస్ విధానంలో కనీసం ఐదుగురు రైతులు బృందంగా ఏర్పడి ధ్రువీకరణ పొందవచ్చు. ఆసక్తిగల రైతులు గ్రామ రైతు సేవా కేంద్రాన్ని సంప్రదించి, వేపపండ్లు రాలే కాలంలోనే గింజలు సేకరించి నీడన ఆరబెట్టి నిల్వ చేసుకోవలసి ఉంటుంది.