సందుచుక్కలో దాగిన లెక్క

మగపిల్లాడికి ఎంపీసీ, ఆడపిల్లకు బైపీసీ... ఈ పంపకం ఇద్దరికీ నష్టమే!

ధనుర్మాసంలో తెల్లవారుజామున కోడూరు వీధుల్లో నడిచి చూడండి. హంసలదీవి వైపు బస్సులు ఇంకా కదలని వేళ. కళ్లాపి చల్లిన వాకిట్లో ఓ బడిపిల్ల ముగ్గు గిన్నె పట్టుకుని వంగి ఉంటుంది. 'పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది వరకు' అంటుంది గుమ్మంలోంచి అమ్మ. ఆ ఒక్క మాట చాలు. మధ్య వరుసలో 15, దానికి పైనా కిందా చుక్కల సందుల్లో 14, 13... అలా ఎనిమిది దాకా చుక్కలు పడిపోతాయి. స్కేలుండదు, కాగితముండదు. ఒక్క చుక్క తప్పితే ముగ్గు కలవదు. ఆ పిల్ల చెయ్యి తప్పదు.

ఇప్పుడా చుక్కల్ని కూడండి. 8 నుంచి 14 వరకు కూడితే 77. రెండువైపులా కలిపి 154. మధ్య వరుస చేరిస్తే 169... సరిగ్గా 13 వర్గం! పదో తరగతి శ్రేఢుల పాఠం వాకిట్లోనే ఉంది. తీరా బళ్లో ఆ పాఠం మొదలయ్యేసరికి 'నాకు లెక్కలు రావండీ' అనే గొంతుల్లో ఈ పిల్లదీ ఒకటి.

ఆ మాట ఎవరు నేర్పారు?

మనమే. టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు మన ఇళ్లలో మాటలు వినండి. 'ఆడపిల్ల కదా, ఎందుకొచ్చిన లెక్కలు, బైపీసీలో చేర్చెయ్యండి.' ఆ ఒక్క మాటతో ఇంజినీరింగ్ దారి దాదాపు మూసుకుపోతుంది. 'మగాడివి, ఎంపీసీ కాక ఇంకేం చదువుతావురా?' మొక్కలంటే ప్రాణం పెట్టే కుర్రాడు తలొంచుకుంటాడు. తర్వాత లెక్క అర్థంకాకపోయినా అడగడు. అడిగితే పరువు పోతుందని భయం.

బడి కూడా ఈ మాటే నేర్పగలదు. అమెరికాలో ఒకటి, రెండు తరగతులు చెప్పే 17 మంది టీచరమ్మలను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. లెక్కలంటే బెదురు ఎక్కువున్న టీచర్ల తరగతుల్లో, 'లెక్కలు అబ్బాయిలవి' అన్న నమ్మకం ఏడాది చివరికి ఆడపిల్లల్లోనే ఎక్కువగా కనిపించింది. అలా నమ్మిన ఆడపిల్లలే లెక్కల్లో వెనకబడ్డారు.

దీపం ఇద్దరికీ

లెక్కలు అబ్బాయిలవేనా? మళ్లీ ముగ్గు దగ్గరకే వద్దాం. నేలమీద ఒకే సైజు నాణేలను అతి తక్కువ ఖాళీతో పేర్చాలంటే సందుచుక్క అమరికను మించింది లేదు. ఇదే ప్రశ్నను ఎనిమిది డైమెన్షన్లలో, బంతులతో వేసుకుని తేల్చిన ఉక్రెయిన్ గణితవేత్త మరీనా వియాజోవ్‌స్కా 2022లో ఫీల్డ్స్ పతకం అందుకున్నారు. మన వాకిలికీ ఆ పతకానికీ చుట్టరికం ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు, తెల్లవారుజామున నాలుగింటికే లేపి నూనె దీపం వెలిగించిన తల్లి లక్ష్మీకాంతమ్మకు తన పుస్తకాన్ని అంకితమిచ్చారు. అలాంటి దీపం కూతురి పుస్తకం పక్కనా వెలగాలి.

ఈ సంక్రాంతికి ముగ్గు పూర్తయ్యాక అన్నాచెల్లెళ్లిద్దర్నీ పిలిచి 'ఎన్ని చుక్కలో చెప్పండ్రా' అని అడగండి. ముందు చెప్పినవాళ్లను మెచ్చుకోండి. ఇంకా వేళ్లు మడుస్తున్నవాళ్లు చెప్పేదాకా ఆగండి. ఏ గ్రూపన్న మాట ఆ తర్వాత, వాళ్ల నోటితోనే రానివ్వండి.