బిడ్డ వచ్చింది పైదేశం నుంచి... అమ్మ చూసింది విశాఖపట్నం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో విశాఖపట్నం పేరు తెలియని వారుండరు. అయితే పట్నం వెళ్లిన వారందరూ పట్నం చూశారనుకుంటే పొరపాటే. ఇంట్లో జబ్బు ముదిరితే పెద్దాసుపత్రికి, కొడుక్కి ఉద్యోగం పరీక్ష ఉంటే ఆ పరీక్షకు, కూతురికి పాస్‌పోర్టు కావలసివస్తే ఆ ఆఫీసుకు వెళ్లడం, పని కాగానే కాంప్లెక్సుకు చేరుకుని దొరికిన బస్సు ఎక్కేయడం - ఏళ్ల తరబడి ఇక్కడి వారి విశాఖ ప్రయాణం ఇంతే. 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి వరండాలలో రోగి పక్కన రాత్రుళ్లు గడిపి, అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే ఉన్న సముద్రాన్ని కన్నెత్తి చూడకుండానే ఇంటి ముఖం పట్టినవారు ఎందరో ఉన్నారు.

అటువంటి పల్లెల తల్లిదండ్రులు ఇప్పుడు మందుల చీటీ లేకుండా, దరఖాస్తుల కట్ట లేకుండా, ఊరికే చూడడానికి విశాఖ వెళుతున్నారు. వారిని చెయ్యి పట్టుకుని తీసుకువెళుతున్నది పైదేశంలో చదువుకుంటూ సెలవులకు వచ్చిన కన్నబిడ్డలే. శని, ఆదివారాలు రెండు రోజులు కుటుంబమంతా కలసి పట్నం తిరిగి రావడం విదేశీ చదువులు ఉన్న ఇళ్లలో ఒక ముచ్చటగా మారింది.

వచ్చేది కొద్ది రోజులే

వైద్య విద్యకు జార్జియా, కిర్గిజిస్తాన్, రష్యా, ఫిలిప్పీన్స్. ఇంజనీరింగు పై చదువులకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా. ఈ దేశాల పేర్లు పదేళ్ల క్రితం వరకు పాఠ్యపుస్తకాలలో చదివినవే. ఇప్పుడు రచ్చబండ మీద కూడా వినిపిస్తున్నాయి. ఈ చదువుల వెనుక బ్యాంకు అప్పు ఉంటుంది. కొన్ని ఇళ్లలో తాకట్టు పడిన భూమి కూడా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడితోటలను కూల్చివేసిన తర్వాత, ఇకపై తోటను నమ్ముకోవడం కంటే పిల్లల చదువును నమ్ముకోవడమే మేలని భావించిన రైతులు లేకపోలేదు.

ఇంత ఖర్చుతో పంపిన బిడ్డ ఏడాదికో, రెండేళ్లకో రెండు మూడు వారాల సెలవుపై వస్తుంది. అందులో సగం రోజులు పెళ్లిళ్లు, పరామర్శలు, బంధువుల ఇళ్లలో భోజనాలతో గడిచిపోతాయి. ఇంటి నిండా వచ్చిపోయే జనం. తల్లికి బిడ్డతో పట్టుమని పది నిమిషాలు మాట్లాడే తీరిక ఉండదు. రెండు రోజులు ఇంటి తలుపులకు తాళం వేసి పట్నం పోదామన్న ఆలోచన వచ్చింది ఇందుకే. పట్నంలో వీరిని పలకరించేవారు ఎవరూ ఉండరు. పట్నం చూడడం ఒక సాకు, బిడ్డను చూసుకోవడం అసలు పని.

రంగం రోజుల నుంచి

పైదేశాలకు పోవడం ఈ తీరానికి కొత్త కాదు. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి రంగం, అంటే నేటి మయన్మార్‌లోని రంగూన్, కూలికి వెళ్లిన కుటుంబాలు ఈ రెండు జిల్లాలలో అనేకం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేసిన తర్వాత వేలాదిమంది అడవుల వెంట కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. దారిలోనే రాలిపోయినవారు ఎందరో. తర్వాతి కాలంలో బర్మా విడిచి వచ్చిన వారి పేరిట విశాఖలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉన్నది.

చదువుకు వెళ్లినవారి సంగతి కూడా అంతే. ఇచ్ఛాపురానికి అవతల ఉన్న బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్లి, 1916లో తిరిగివచ్చారు. తదుపరి కాలంలో 1969లో రాష్ట్రపతి అయ్యారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో వైద్యవిద్య కోసం అమెరికాలోని బోస్టన్ చేరారు. మందుల పరిశోధనలో ప్రపంచానికి ఎంతో మేలు చేసిన ఆయన 1948లో న్యూయార్కులో కన్నుమూసేవరకు స్వదేశానికి తిరిగిరాలేదు. ఇక్కడ మిగిలిపోయిన భార్య ఆయనను మళ్లీ చూడనేలేదు.

ఆ రోజులలో ఉత్తరం చేరడానికే వారాలు పట్టేది. ఇప్పుడు ఇక్కడ రాత్రి 9 గంటలకు అన్నాలు తింటూ, అక్కడ ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో కాలేజీకి పరుగెత్తే కొడుకును ఫోనులో చూడవచ్చు. కాని ఫోనులో కనిపించేది ముఖమే. బాగున్నావా అంటే బాగున్నానంటాడు. తిన్నావా అంటే తిన్నానంటాడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై, అక్కడ వైద్యం చదివే తెలుగు విద్యార్థులు నేలమాళిగలలో తలదాచుకున్నప్పుడు కూడా కొందరు ఇంటికి ఫోను చేసి చెప్పినది బాగానే ఉన్నామనే.

శనివారం: మొదట అప్పన్న కొండ

ఉత్తరాంధ్ర కుటుంబం విశాఖలో మొదట కాలు పెట్టేది సింహాచలంలోనే. పట్నానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో కొండమీద వెలసిన వరాహ లక్ష్మీనరసింహస్వామి ఇక్కడివారికి సింహాద్రి అప్పన్న. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం అన్న పేర్లు లేని ఊరు ఈ రెండు జిల్లాలలో దొరకడం కష్టం. ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే స్వామి నిజరూపం వైశాఖమాసంలో అక్షయ తృతీయ ఒక్కరోజే కనిపిస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కొండకు వచ్చినట్లు శాసనం చెబుతున్నది.

వీసా రావాలని తల్లి మొక్కుకున్న మొక్కు ఇక్కడే తీరుతుంది. బిడ్డకు ఆ సంగతి కొండమీదికి వచ్చాకనే తెలుస్తుంది. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏమి కోరుకున్నావని అడిగితే చెప్పే తల్లి ఉండదు.

మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, చల్లబడ్డాక కైలాసగిరి ఎక్కవచ్చు. శివపార్వతుల పెద్ద విగ్రహాల వద్ద ఫోటోలు తీయించుకున్న తర్వాత, కొండ అంచున నిలబడితే ఒకవైపు పట్నం, మరొకవైపు సముద్రం చూడవచ్చు. పాలకొండ, పార్వతీపురం, రాజాం వైపు మెట్ట ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలు ఇక్కడ చాలాసేపు నిలబడిపోతారు. 'ఓలమ్మ, ఇన్ని నీల్లే! ఇందులో సగం మన చెరువుకొస్తే సాలు గదేటి' అనుకునేవారూ ఉంటారు. ఉద్దానం, భావనపాడు వైపు వారికి సముద్రం కొత్త కాదు. వారు చూసేది దూరాన రేవు కోసం ఆగి ఉన్న ఓడలను.

సాయంత్రం రామకృష్ణా బీచి. అక్కడ ఒడ్డున నిలిపి ఉంచిన కురుసుర జలాంతర్గామిని చూడకుండా వచ్చేవారు అరుదు. రష్యాలో తయారై 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఈ నౌక 2001లో విరమించింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. పొడవు 91 మీటర్లు. డెబ్బై మందికి పైగా నావికులు ఇందులో ఉండేవారు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ తీరానికి దగ్గరలోనే. రోడ్డుకు అవతల 2017 నుంచి టి.యు.-142 యుద్ధవిమానం కూడా ప్రదర్శనకు ఉన్నది.

జలాంతర్గామిలో ఒకదానిపై ఒకటి కట్టిన ఇరుకు పడకలను చూసి తల్లి ఆగిపోతుంది. 'ఇందులో ఎలా పడుకునేవారు నానా?' అని అడుగుతుంది. 'మా గదిలోనూ నలుగురం ఇలాగే సర్దుకుంటామమ్మా' అని కొడుకు నవ్వుతాడు. అప్పటివరకు ఫోనులో కనిపించిన గోడ వెనుక ఎంత చోటు ఉందో ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

ఇసుకలో కూర్చున్నాక

మూరీ మిక్చరు పొట్లాలు పట్టుకుని ఇసుకలో చేరగిలబడ్డాక అసలు మాటలు మొదలవుతాయి. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ సముద్రం వైపు చూస్తున్నప్పుడు, ముఖాముఖి చెప్పలేని మాట నోటికి వస్తుంది.

చదువుకుంటూ పనిచేయడానికి ఆ దేశాలలో లెక్క ఉన్నది. అమెరికాలో చదువు సాగే రోజులలో వారానికి 20 గంటలకు మించి, అదీ కాలేజీ ఆవరణ దాటి, పనిచేయడానికి సాధారణంగా వీలులేదు. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకూ వారానికి 20 గంటలే. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకు 48 గంటలు. వచ్చే ఆ కాస్త డబ్బుతో గది అద్దె, తిండి వెళ్లదీయాలి. వంటశాలలో గిన్నెలు కడిగిన సంగతి, జ్వరం వచ్చి మూడు రోజులు ఒంటరిగా పడుకున్న సంగతి, ఒక పరీక్ష తప్పిన సంగతి ఈ ఇసుకలోనే బయటపడతాయి.

ఇటువైపు దాచిన సంగతులూ ఉంటాయి. పాడిగేదెను అమ్మినది, నాయనమ్మకు చూపు తగ్గినది, వడ్డీ కట్టడానికి చిట్టీ పాడినది. 'ముందెందుకు చెప్పలేదు నాన్నా?' అంటే 'సెప్పితే నువ్వు సదువుతావేటి తల్లీ?' అంటాడు తండ్రి. రెండువైపులా ఒకరి కోసం ఒకరు అబద్ధమాడారని తేలాక, కోపం రాదు. బరువు తగ్గుతుంది. ఇకపై నెలకు ఎంత పంపాలి, అప్పు ఎప్పటికి తీరుతుంది, చెల్లెలి చదువు ఎలా అన్న లెక్కలు ఆ చీకట్లోనే తేలతాయి. ఈ లెక్క ఇన్నాళ్లూ ఫోనులో తేలలేదు.

ఆదివారం: జంతువులు, బౌద్ధుల కొండ, భీమిలి

ఉదయం ఎండ ఎక్కకముందే 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల చూడడం మేలు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇక్కడినుంచి కదిలించడం కష్టం. ఆపైన బీచి రోడ్డు వెంట రుషికొండ, తొట్లకొండ మీదుగా భీమిలి. తొట్లకొండపై సుమారు రెండువేల ఏళ్లనాటి బౌద్ధ విహారాల పునాదులు, నీటి తొట్లు ఉన్నాయి. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం చెంత రామతీర్థం చూసినవారికి ఇవి తెలిసిన ఇటుకలలాగే ఉంటాయి. ఆ భిక్షువులు కూడా చదువు కోసం, ధర్మం కోసం ఇల్లు విడిచి వచ్చినవారే.

భీమునిపట్నంలో డచ్చి వర్తకుల పాత సమాధులున్నాయి. ఇది 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. సముద్రం కోసం ఇంత దూరం వచ్చి, ఇల్లు చేరకుండానే ఇక్కడ మట్టిలో కలిసిన పరాయి దేశస్థుల పేర్లను బిడ్డ చదివి చెబుతుంటే, తల్లి ఏమీ అనదు. కొంతసేపటికి 'మల్లీ ఎప్పుడొస్తావు?' అని మాత్రం అడుగుతుంది. దానికి ఏ బిడ్డా తేదీ చెప్పలేదు. చదువయ్యాక ఉద్యోగం, ఉద్యోగానికి వీసా, వీసాకు చీటీ వేసి తీసే పద్ధతి - ఏదీ వారి చేతిలో లేదు. అక్కడే ఉంటావా, వచ్చేస్తావా అన్న ప్రశ్న ఎవరూ పైకి అనకపోయినా, బస్సులో తిరుగు ప్రయాణమంతా అది వారి మధ్యనే కూర్చుని ఉంటుంది.

వెళ్లదలచినవారికి

విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి సుమారు 110, ఇచ్ఛాపురం నుంచి 200కు పైనే. పలాస, శ్రీకాకుళం రోడ్డు, బొబ్బిలి, పార్వతీపురం స్టేషన్ల నుంచి రైళ్లు ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి అమలులోకి వచ్చిన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సులలో టిక్కెట్టు ఖర్చు లేదు. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోవాలి.

కురుసుర, జంతు ప్రదర్శనశాల రెండింటికీ సోమవారం సెలవు. జలాంతర్గామిలో గుండ్రటి తలుపులలో వంగి దూరవలసి ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలను బయట నీడన కూర్చోబెట్టడం మంచిది. రామకృష్ణా బీచిలో అలల తాకిడి ఎక్కువ. ఏటా ప్రాణాలు పోతున్నాయి. కాళ్లు తడుపుకోవడం వరకే గాని స్నానానికి దిగరాదు. ఒక్కరోజులో అన్నీ చూడాలని పరుగులు తీస్తే పెద్దలు అలసిపోతారు. అరకు, బొర్రా గుహలను మరొక ప్రయాణానికి ఉంచుకోవడమే ఉత్తమం.

ఇంకొక మాట. ఈ ముచ్చట కోసం పైదేశంలో బిడ్డ ఉండనక్కరలేదు. ఊరిలోనే ఉండి పొలం చేసే కొడుకు కూడా తల్లిని ఒక ఆదివారం తీసుకువెళ్లవచ్చు. పెద్దాసుపత్రిలో రోగికి నయమై చీటీ రాసి పంపిన నాడు, బస్సుకు వేళ ఉంటే, ఒక గంట ఆ సముద్రపు గాలిలో కూర్చుని రావచ్చు.