వార్తల్లో పదం: స్వర్ణ నానోకణాలు

కాశీబుగ్గ బజారులో బంగారం కొనేవాళ్లు చూసేది పచ్చని మెరుపు. అదే బంగారాన్ని 20 నానోమీటర్ల కణాలుగా చేసి నీళ్లలో ఉంచితే కెంపు రంగు తేలుతుంది. మిల్లీమీటరులో పదిలక్షో వంతు ఒక నానోమీటరు. 1857లోనే మైకేల్ ఫారడే ఈ ఎరుపును వివరించాడు. నేటి వివరణ ఇది: కణంలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగుతాయి, ఆ ఊపు వేడిగా మారుతుంది.

క్యాన్సర్ కణితిని మాడ్చడానికి కావాల్సింది ఆ వేడే. అయితే చిన్న గుండ్రటి కణం ప్రధానంగా ఆకుపచ్చ కాంతిని పీలుస్తుంది. ఆ కాంతి ఒంట్లోకి లోతుగా దిగదు. సమీప పరారుణ కాంతి దిగుతుంది. అందుకే కణాన్ని కడ్డీలా సాగదీస్తారు, లేదా సిలికా గోళానికి బంగారు పూత పూస్తారు. పూత మందం మారితే పీల్చే కాంతీ మారుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ గోళాలతో 16 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు చేసిన చికిత్స ఫలితాలు 2019లో వచ్చాయి.

ఇప్పుడు ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న అరవింద్ కుమార్ రెంగన్, ఐఐటీ బొంబాయి సహచరులతో కలిసి కొవ్వు బుడగలకు బంగారం పూశారు. ఎలుకలపై చేసిన ఆ పరిశోధన 2015లో వెలువడింది. పని అయ్యాక కణాలు కాలేయంలో చిన్న ముక్కలై పైత్యరసం, మూత్రం దారుల్లో బయటికి పోతాయని అందులో తేలింది.

నాకు ముఖ్యంగా తోచింది ఈ చివరి మాటే. కిడ్నీ జల్లెడ సుమారు 6 నానోమీటర్ల లోపు కణాలనే సులువుగా వదులుతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల బాధ అంతటిది. ఆ జల్లెడే దెబ్బతిన్న మనిషికి ఇలాంటి చికిత్స చేసేముందు, లోపలికెళ్లిన బంగారం ఎటు పోతుందో తేల్చి తీరాలి.