మాటలు పుట్టించిన లెక్కల మేష్టారు

ఇంగ్లీషు పద్యం అనగానే పల్లె బడిలో పిల్లలకు గుండె దడ. మాటమాటకూ అర్థం వెతుక్కోవాలి. ఇంగ్లండులో పుట్టిన ‘జాబర్‌వాకీ’ అనే పద్యం దగ్గర మాత్రం దొరల బిడ్డకూ, పల్లె కుర్రవాడికీ తేడా లేదు. అందులోని మాటలు చాలావరకు ఇద్దరికీ కొత్తవే.

రాసినాయన లూయీ కరోల్. అసలు పేరు ఛార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డులో లెక్కలు చెప్పేవారు. 1855లో ఇంటిల్లిపాదీ చదువుకునే చేతిరాత పత్రికలో మొదటి నాలుగు పాదాలు రాశారు. పూర్తి పద్యం 1871 చివర వెలువడిన ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ అనే పిల్లల కథలో వచ్చింది.

ఆ కథలో ఆలిస్ అనే పిల్లకు ఈ మాటల గుట్టు విప్పేది గోడమీద కూర్చున్న ఒక గుడ్డు. పేరు హంప్టీ డంప్టీ. ‘బ్రిల్లిగ్’ అంటే సాయంత్రం నాలుగు గంటలట. రాత్రి భోజనానికి మాంసం కాల్చడం మొదలుపెట్టే వేళ! ‘స్లైదీ’ అంటే చురుకైనదీ, జిగటగా ఉండేదీ. రెండు మాటలను ఒకదానిలో కూరి చేసిన మాట అది. ఇటువంటి వాటిని గుడ్డు ‘పోర్ట్‌మాంటో’తో పోల్చింది. అంటే రెండు అరల ప్రయాణపు పెట్టె. భాషా పండితులు కూడా తర్వాత ఆ పేరే ఖాయం చేసుకున్నారు.

తమాషా ఏమిటంటే, గుడ్డు చెప్పిందే వేదం కాదు. ‘రాత్’ అంటే పచ్చ పంది అంటుంది గుడ్డు. 1855 పత్రికలో కరోల్ గారే దాన్ని నేల తాబేలు అన్నారు. పదహారేళ్ళలో తాబేలు కాస్తా పంది అయింది! ‘వేబ్’ అప్పుడు కొండవాలు, తర్వాత నీడ గడియారం చుట్టూ ఉండే పచ్చిక.

అయినా కథ తెలుస్తూనే ఉంటుంది. కుర్రవాడు కత్తి పట్టి అడవికి వెళతాడు, భయంకరమైన మృగాన్ని చంపి తల తెస్తాడు, తండ్రి పొంగిపోతాడు. కొత్త మాటల మధ్య చిన్నచిన్న ఇంగ్లీషు మాటలు, క్రియల తోకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కనుక ఎవరు ఏం చేశారో తెలిసిపోతుంది. మిగిలింది చెవి చూసుకుంటుంది. ‘కిసుక్కున’ నవ్వాడంటే మనం మాత్రం అర్థం అడుగుతామా?

ఆ కుర్రవాడి కత్తి ‘వోర్పల్’ కత్తి. అంటే ఏమిటని ఒక అమ్మాయి అడిగితే, చెప్పడం తన వల్ల కాదని 1877లో కరోల్ ఉత్తరం రాశారు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే రాసినాయనకే సున్నా.

తండ్రి నవ్వుకు పెట్టిన మాట ‘చార్టిల్’. లోలోపలి నవ్వునూ, ముక్కు బుసనూ కలిపి అల్లినది. ఇంగ్లండు జనం దాన్ని వాడుకలోకి తెచ్చుకున్నారు. నేడు ఏ పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తిరగేసినా ఆ మాట కనిపిస్తుంది.