ఆకు మంచిదే... మరి సీసాలో నూనె?

మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళి తీర్థం పుచ్చుకుంటే తులసి, పచ్చకర్పూరం వాసనకే సగం జలుబు వదిలినట్టు అనిపిస్తుంది. మా పశ్చిమ ప్రకాశంలో వాసన ఉన్న ఆకంటే మందనే లెక్క. మార్కాపురం, గిద్దలూరు, నల్లమల అంచు పల్లెలు... ఎక్కడ చూసినా పెరట్లో తులసికోట, గోలెంలో వామాకు, పోపుల పెట్టెలో వాము, దేవుడి గూట్లో కర్పూరం ఉండాల్సిందే.

ఇప్పుడు వీటి పక్కకి చిన్న చిన్న సీసాలు వచ్చి చేరాయి. నీలగిరి తైలం, లవంగనూనె, నిమ్మగడ్డి నూనె, తులసి చుక్కలు! "ఆకే ఇంత మంచిదైతే నూనె ఇంకెంత మంచిదో" అనుకోవడం సహజమే. అయితే ఆకు వేరు, నూనె వేరు. ఆ తేడా తెలియకపోతే, ముఖ్యంగా పసిబిడ్డలున్న ఇంట్లో, ప్రాణం మీదికి వస్తుంది.

వాసన వెనక ఏముంది?

తులసాకుని నలిపితేనే ఘుమఘుమలాడుతుంది, ఎందుకని? ఆకు మీద కంటికి ఆనని సన్నటి నూనె తిత్తులుంటాయి. నలిపితే అవి పగులుతాయి. ఆ నూనె గాలి తగలగానే ఆవిరైపోయే రకం. ఒక్కో నూనెలో పదుల కొద్దీ రసాయనాలున్నా, పెత్తనం ఒకటి రెండింటిదే.

వాము గింజల్లో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు నూనె ఉంటుంది. దాన్లో పెద్ద వాటా థైమాల్‌ది. ఆయుర్వేదం కొట్లో 'వాము పువ్వు' అని అమ్మే తెల్లటి పలుకులు ఇవే. వామాకులో దీనికి తోబుట్టువులాంటి కార్వక్రాల్ కూడా ఉంటుంది. ఈ రెండూ సూక్ష్మక్రిముల పైపొరని చిల్లులు పొడిచి చంపుతాయి. అందుకే నోరు పుక్కిలించే మందుల్లో థైమాల్ కలుపుతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొంకిపురుగులకి డాక్టర్లు ఇచ్చిన మందూ ఇదే. మోతాదు దాటితే ప్రమాదం కావడంతో, తర్వాత వేరే మందులకి మారారు.

లవంగనూనెలో నూటికి డెబ్భై పాళ్ళకు పైగా ఉండేది యూజినాల్. అది నరాన్ని మొద్దుబారుస్తుంది. పంటి డాక్టరు గదిలో వచ్చే వాసన అదే! తులసిలోనూ యూజినాల్ ఉంటుంది కానీ రకాన్ని బట్టి, నేలని బట్టి పాళ్ళు మారిపోతాయి. నిమ్మగడ్డి వాసన సిట్రాల్‌ది. నీలగిరి తైలంలో ముఖ్యమైంది సినియోల్. మన రోడ్ల పక్కన కనిపించే జామాయిల్ దాని చుట్టమే కానీ, కొండల మీద పెరిగే నీలగిరి జాతి వేరు.

పుదీనా పువ్వు, అంటే మెంథాల్, సంగతి మరీ తమాషా. చర్మంలో చలిని కనిపెట్టే నరాలను అది తట్టి లేపుతుంది. ముక్కు తెరుచుకున్నట్టు మనకి అనిపిస్తుందే తప్ప, నిజానికి లోపలి వాపు అలాగే ఉంటుంది.

ఒక చిన్న లెక్క

వంద కిలోల నిమ్మగడ్డి ఆవిరి పట్టి బట్టీ దించితే వచ్చే నూనె సుమారు అరకిలో. అంటే ఇరవై చుక్కల నూనెలో, ఎంత లేదన్నా నూట ఎనభై గ్రాముల గడ్డి సారం ఉందన్నమాట. మనం టీలో వేసేది రెండు పోచలు! రెండు తులసాకులు నమలడానికీ, చెంచాడు తులసి నూనె తాగడానికీ ఎంత తేడానో మీరే చూడండి. ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో క్రిములు చచ్చినంత మాత్రాన, మన కడుపులోనూ ఆ నూనె అలాగే మేలు చేస్తుందని కాదు.

పసిబిడ్డలకి కర్పూరమా?

బిడ్డకి రొంప చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కాచి రొమ్ముకి, వీపుకి రాయడం మనవైపు మామూలే. వద్దంటే మా పక్కింటావిడ నా మీదికే వచ్చింది. "ఏంది అక్కా, మా అమ్మ నన్నిట్టానే పెంచింది, నాకేమన్నా అయిందా?" అని.

అందరికీ ఏదో అవుతుందని కాదు. ఏ బిడ్డకి అవుతుందో ముందుగా తెలియదు, అదీ భయం. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. దాన్ని విరిచేసే శక్తి పసికందు కాలేయానికి ఉండదు. ఫిట్స్ రావచ్చు. ఇక పటికబెల్లం అనుకుని హారతి బిళ్ళ నోట్లో వేసుకుంటే, నిమిషాల్లోనే మూర్ఛ మొదలవ్వచ్చు. చిన్నపిల్లలకి ఒక్క గ్రాము కూడా ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో 1983లో పైపూత మందుల్లో కర్పూరం నూటికి 11 పాళ్ళు దాటకూడదని కట్టడి చేశారు. నీలగిరి తైలం, లవంగనూనె కూడా చెంచాడు మింగితే పిల్లలకి ప్రమాదమే. మెంథాల్ ఉన్న బామ్ పసివాళ్ళ ముక్కు దగ్గర రాస్తే ఊపిరి బిగుసుకుపోవచ్చు. అడవి అంచు పల్లెలో అర్ధరాత్రి బిడ్డకి ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రి ఎంత దూరమో మనకి తెలియనిదా?

ఇలా చేద్దాం

* రెండేళ్ళలోపు పిల్లలకి కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం ఏ రూపంలోనూ వద్దు. తల్లిపాలు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు చాలు. బిడ్డ ఎగపోస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే డాక్టరుకి చూపించండి.

* పెద్దవాళ్ళు వామాకు, తులసి కషాయం కాచుకునేటప్పుడు గిన్నె మీద మూత పెట్టండి. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే మందు గాలిలో కలిసిపోయినట్టే!

* పంటినొప్పికి లవంగనూనె ఒక్క చుక్క దూదికి అద్ది పంటి మీదే పెట్టండి. చిగురుకి తగిలితే పొక్కుతుంది. నొప్పి తగ్గినా పుచ్చు మిగిలే ఉంటుంది, డాక్టరుకి చూపించాల్సిందే.

* గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా నూనెలు వాడకూడదు. సీసాలో నూనె ఎవరూ తాగకూడదు.

* బిడ్డ నూనె గానీ కర్పూరం గానీ మింగితే, ఉప్పునీళ్ళు పోసి కక్కించబోకండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కక్కుతుండగానే ఫిట్స్ రావచ్చు. 108కి ఫోన్ చేసి, సీసా చేతబట్టుకుని ఆసుపత్రికి బయల్దేరండి.

పెరట్లో ఆకులు మన పెద్దవాళ్ళు ఇచ్చిన ఆస్తి, వాటిని వదులుకోనక్కర్లేదు. ఈ పేజీ మడిచేముందు దేవుడి గూటి వంక ఒకసారి చూడండి. కర్పూరం డబ్బా బిడ్డ చేతికి అందేట్టు ఉంటే, పై అరలోకి మార్చండి.